మర్యాదకి పిలిచిన పెళ్లి

నిరాడంబర జీవితమంటే నాకు మొదటినుంచీ గౌరవం. ఎవరైనా అలా జీవిస్తున్నారని తెలిస్తే ఎంత దూరమైనా కారు వేసుకుని వెళ్లి మరీ చూసి వస్తాను.

మేముండేది మెల్‌బోర్న్ పడమటి చివర, పాయింట్ కుక్‌లో. ఇల్లు కాస్త పెద్దదే. నేనూ నా భార్యా ఉంటాం, వారాంతాల్లో అమ్మాయి వస్తుంది. సినిమాలు చూడ్డానికని ప్రత్యేకంగా ఒక గది కట్టించాం. ప్రస్తుతం అందులో బియ్యం బస్తాలూ, నడిచేవాళ్లు లేని ట్రెడ్‌మిల్లూ ఉంటున్నాయి. నా ఆఫీసు ఊరికి అటు చివర. రోజూ ఉదయం పెద్ద వంతెన మీద కార్ల వరసలో కూర్చుని, మనిషికి ఇంత అవసరమా అని ఆలోచించడానికి నాకు కావలసినంత తీరిక దొరుకుతుంది. వంతెన దిగేసరికి ఆలోచన అయిపోతుంది.

రెండేళ్ల కిందట ఒక సెలవు రోజున తూర్పు కొండల అవతలికి ఊరికే షికారు వెళ్లాం. తారు రోడ్డు అయిపోయాక కూడా ఫోను 'ముందుకే' అంటుంటే దాని మాట విని వెళ్లాను. ఒక మలుపులో చేత్తో రాసిన బోర్డు కనిపించింది: 'కుర్చీలు, బల్లలు. ఆదివారం పని లేదు.' లోపల పొడవాటి రేకుల షెడ్డు, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక ఆవులు. షెడ్డులో ఒక పెద్దాయన చెక్కని చిత్రిక పడుతున్నాడు. మమ్మల్ని చూసి తలూపాడు. పని మాత్రం ఆపలేదు. మేమేదో కొనడానికి వచ్చామనిగానీ, కొనకుండా వెళ్లిపోతామేమోననిగానీ ఆయనకి చింత ఉన్నట్టు లేదు. ఇండియాలో దుకాణదారులకీ ఇక్కడి షాపింగ్ సెంటర్లకీ అలవాటు పడిన ప్రాణానికి అది కొంచెం అవమానంగానూ, కొంచెం హాయిగానూ ఉంది.

వాళ్లది ఆమిష్ అనే పాతకాలపు క్రైస్తవ సంప్రదాయం. అమెరికాలో ఉన్న తమవాళ్లని వదిలి, చాలా కాలం కిందట ఈ దేశానికి వచ్చి స్థిరపడ్డారు. పెద్దాయన, ఆయన భార్య, ఇద్దరు కొడుకులు, కోడళ్లు, మనవలు. అందరూ ఆ షెడ్డులోనే పని చేస్తారు. మగవాళ్లు చెక్క కోస్తారు, ఆడవాళ్లు కుర్చీల సీట్లు అల్లుతారు. ఇంట్లో కరెంటు లేదు. రంపాలు తిప్పడానికి బయట ఒక డీజిల్ ఇంజను, దాన్నుంచి లోపలికి ఒక పొడవాటి బెల్టు. కారు లేదు. ఫోను ఉంది గానీ ఇంట్లో ఉండదు. గేటు దగ్గర ఒక మనిషి పట్టే చెక్క గది కట్టి, అందులో పెట్టారు. మోగితే ఎవరూ ఎత్తరు. సందేశం వదిలితే సాయంత్రం పనయ్యాక వచ్చి వింటారు.

ఆ రోజు భోజనాల బల్ల ఒకటి చేయమని చెప్పాను. ఎప్పటికవుతుందని అడిగితే, ఆయన గోడవారగా పేర్చి ఉన్న బ్లాక్‌వుడ్ పలకల మీద చెయ్యి వేసి, "ఇది ఎండాలి," అన్నాడు.

"ఎండటానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"ఎండేదాకా," అన్నాడు. వెటకారం కాదు. ఆయన దగ్గర ఉన్న సమాధానం అదే.

బల్ల ఏడాదికి వచ్చింది. ఆ ఏడాదిలో ఏదో ఒక వంకతో అయిదారుసార్లు వెళ్లాను. షెడ్డులో ఒక మూల స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ని. ఎవరూ మాట్లాడరు. ఒకరి చేతిలో పని ముగిసేదాకా రెండోవాళ్లు ఆగుతారు. ఎవరూ ఎవర్నీ 'అయిందా' అని అడగరు. ఆ మాట వినపడని ఇల్లు నేను అంతకుముందు చూడలేదు. ఫోటోలు వద్దని వాళ్లు ముందే చెప్పారు, కాబట్టి కార్లో కూర్చున్నాకే తీశాను.

ఇక మా తెలుగువాళ్ల సమావేశాల్లో నన్ను పట్టడం కష్టమైపోయింది. ఎవరింట్లో బిర్యానీ తింటున్నా, ఆ చేత్తోనే సహనం గురించీ, తక్కువలో బతకడం గురించీ చెప్పేవాణ్ని. జనం శ్రద్ధగా విని, పెరుగు గిన్నె ఇటు జరపమనేవారు.

"ముందు గరాజ్‌లో మూడో ఫ్రిజ్ సంగతి చూడండి. తర్వాత లోకాన్ని ఉద్ధరిద్దురుగాని," అనేది నా భార్య.

ఆ ఉపన్యాసాలన్నీ ఒక్కరు మాత్రం మనసుపెట్టి విన్నారు. అది మా అమ్మాయి అని నాకు ఆలస్యంగా తెలిసింది.

తను ఫిజియోథెరపిస్టు. యూనివర్సిటీలో కలిసిన కుర్రాణ్ని పెళ్లి చేసుకుంటానంది. తెలుగు పిల్లాడే. వాళ్ల అమ్మానాన్నలు పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో ఉంటారు. అభ్యంతరం చెప్పడానికి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ఒక ఆదివారం, ఆ కొత్త బల్ల దగ్గరే, అన్నంలో పప్పుచారు పోసుకుంటూ అంది:

"నాన్నా, పెళ్లి మన బ్యాక్‌యార్డ్‌లో చేసుకుంటాం. జస్ట్ థర్టీ పీపుల్. నో హాల్, నో స్టేజ్."

"ముప్ఫైమందా? మీ అమ్మ వైపు పిన్నులే అంతమంది ఉంటారు."

"మావాళ్ల జోలికి రాకండి," వంటింట్లోంచి వినిపించింది.

"సింపుల్ లివింగ్, సింపుల్ లివింగ్ అని నువ్వేగా ఎప్పుడూ చెప్తావు. ఐ థాట్ యూ'డ్ బీ హ్యాపీ."

ఆ పిల్ల మొహంలో నన్ను సంతోషపెట్టబోతున్నానన్న నమ్మకం ఎంత తేటగా ఉందంటే, నేను వేరే ఏమీ అనలేకపోయాను. "చాలా సంతోషం తల్లీ. అలాగే చేద్దాం," అన్నాను.

నా భార్య గరిటెతో సహా వంటింటి గుమ్మంలోకి వచ్చి నన్ను చూసింది. ఇన్నేళ్ల కాపురంలో నా 'అలాగే'లో ఎన్ని రకాలున్నాయో ఆవిడకి తెలుసు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లకి ఒకటే రకం తెలుసు.

పెళ్లికి పీటలు మాత్రం ఆ షెడ్డులోనే చేయిద్దామని అమ్మాయి కోరిక. ఇద్దరం వెళ్లాం. పీట అంటే ఏమిటో ఆ పెద్దాయనకి చెప్పడానికి నేను తంటాలు పడుతుంటే, అమ్మాయి కింద రంపప్పొట్టులో బాసింపట్టు వేసుకుని కూర్చుని, నేలకీ తనకీ మధ్య చెయ్యి అడ్డంగా పెట్టి చూపించింది. "ఇంత ఎత్తు. ఒకటి నాకు, ఒకటి తనకి."

ఆయన కూడా వంగి, ఆ చేతి కింది ఖాళీని తన వేళ్లతో కొలుచుకున్నాడు. "దీనిమీద ఎంతసేపు కూర్చుంటారు?"

"రెండు గంటలు అవ్వచ్చు," అన్నాను.

"ఆ తర్వాత?"

"తర్వాత దాచుకుంటాం."

ఆయన కాసేపు ఆలోచించాడు. వందేళ్లు వాడుకునే కుర్చీలు చేసే మనిషి, రెండు గంటల పనికి ఎంత గట్టి చెక్క పెట్టాలా అని ఆలోచిస్తున్నాడనుకున్నాను. "అయితే ఆ రెండు గంటలూ కాళ్లు తిమ్మిరెక్కకూడదు," అన్నాడు. పలక మధ్యలో కొంచెం పల్లంగా చెక్కుతానన్నాడు.

ఆయన భార్య అమ్మాయిని పెళ్లి గురించి అడిగింది. అమ్మాయి అంతా చెప్పింది: ఇంటి వెనక నిమ్మచెట్టు పక్కన, ముప్ఫైమంది, వంట ఇంట్లోనే, అందరూ కింద కూర్చుని తినడం. ఆవిడ వింటూ తలూపింది. "మా పెళ్లిళ్లూ ఇంటిదగ్గరే," అంది. ఇద్దరూ కుర్చీ అల్లే తాడు చెరో కొస పట్టుకుని మాట్లాడుకుంటూ ఉండిపోయారు. మా అమ్మాయి అంత తీరిగ్గా ఎవరితోనైనా మాట్లాడటం చూసి చాలా కాలమైంది.

బయల్దేరేటప్పుడు, గేటు దగ్గర, నా నోట్లోంచి వచ్చేసింది. "మీరందరూ పెళ్లికి తప్పకుండా రావాలి. మీరు రాకపోతే మాకు పెళ్లిలా ఉండదు."

మన పిలుపుల సంగతి మనవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. చేతిలో శుభలేఖలు మిగిలి ఉంటే బస్టాపులో పక్కన నిలబడ్డ మనిషికైనా ఇస్తాం. ఆయన 'అయ్యో, తప్పకుండా' అంటాడు. రాడని ఆయనకీ తెలుసు, మనకీ తెలుసు. అది అబద్ధం కాదు, మర్యాద. ఆ రెండింటికీ తేడా నాకు అప్పటిదాకా బాగా తెలుసుననే అనుకున్నాను.

పెద్దాయన మాత్రం భార్య వైపు చూశాడు. "ఇంట్లో అందరం మాట్లాడుకుని చెప్తాం," అన్నాడు. అంటే రారని అర్థం చేసుకుని, తేలిక మనసుతో కారెక్కాను.

వారం తర్వాత నా ఫోన్లో ఒక సందేశం ఉంది. ఆ చెక్క గదిలోంచి, కాస్త గట్టిగా, ఫోను మీద నమ్మకం లేని మనిషి గొంతుతో: "మేం వస్తున్నాం. అందరం. ఆ రోజు పని ఆపేస్తాం. ఎరువుల వ్యాపారం చేసే మా పొరుగాయన తన మినీ బస్సులో తీసుకొస్తానన్నాడు. పిలిచినందుకు కృతజ్ఞతలు."

"అందరం అంటే?" అంది నా భార్య.

"అందరూ."

"మీరెందుకు పిలిచారండీ?"

"ఊరికే. మర్యాదకి."

ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి.

ఈలోగా ముప్ఫైమంది పెరగడం మొదలైంది. పెరగడానికి కారణం ఫలానా అని చెప్పలేను. ఈ ఊళ్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఎవరింట్లో పెళ్లి జరిగినా వెళ్లి, పూర్ణాలు బాగున్నాయని చెప్పి వచ్చినవాణ్ని. ఒకరోజు ఇండియన్ కొట్లో కరివేపాకు దగ్గర ఒక మిత్రుడు పట్టుకున్నాడు.

"ఏంటి గురూ, పిల్ల పెళ్లి దొంగచాటుగా చేసేస్తున్నావట?"

"దొంగచాటేముంది, సింపుల్‌గా..."

"అదేలే. మా పిల్ల పెళ్లికి నాలుగు పూటలూ తిన్నావు, అప్పుడు సింపుల్ గుర్తురాలేదు కదూ!" అని పగలబడి నవ్వాడు. కరివేపాకు కొనే మరో ఇద్దరు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. కారెక్కి ఇంజను స్టార్ట్ చేయకుండా చాలాసేపు కూర్చున్నాను. నిరాడంబరంగా బతకడం కన్నా, నిరాడంబరంగా ఉన్నారట పాపం అని నలుగురూ అనుకోవడం కష్టమని అక్కడ అర్థమైంది. ఇంటికెళ్లేలోపే ఫంక్షన్ హాలుకి ఫోన్ చేశాను.

వియ్యంకుడు మంచివాడు. "మీ ఇష్టం బావగారూ. మా వైపు నుంచి మాత్రం తక్కువమందే, నూట యాభై దాటరు," అన్నాడు. ముహూర్తం ముందే శనివారానికి కుదిరి ఉంది. ఇక్కడ ముహూర్తాలన్నీ శనివారాలకే కుదురుతాయి. గ్రహాలు కూడా ఉద్యోగాలు చేసుకుంటున్నాయి కాబోలు.

అమ్మాయికి చెప్పే పని భార్య మీదకి నెట్టాలని చూశాను. కుదరలేదు. "తండ్రి మీరు. మాట ఇచ్చిందీ మీరు," అంది. సరే, ఫోన్ చేశాను. హాలు చాలా బాగుంటుందనీ, పార్కింగ్ ఉందనీ, వానొస్తే ఇబ్బంది ఉండదనీ చెప్పుకుంటూ పోయాను. అటునుంచి వాదిస్తుందని ఎదురుచూశాను. వాదిస్తే నా దగ్గర జవాబులున్నాయి.

"హౌ మెనీ పీపుల్, నాన్నా?"

"ఒక... నాలుగువందల పైన. అయిదువందలు అనుకో."

"ఓకే," అంది.

"కోపమా?"

"నో. ఇట్స్ ఫైన్. మీ ఇష్టం."

'మీ ఇష్టం' అని తెలుగులో అంది. సాధారణంగా ఇలాంటి మాటలు ఇంగ్లీషులోనే అంటుంది. ఎప్పుడూ 'నువ్వు' అనే పిల్ల 'మీ' అంది. ఆ తర్వాత పెళ్లి పనుల్లో ఏది అడిగినా అదే మాట. చీర రంగు, భోజనాల్లో స్వీట్లు, అన్నీ మా ఇష్టమే. ఏం చెప్తే అది చేసింది. నా కూతురు నన్ను ఏదీ అడగడం మానేసింది. పెళ్లి హడావిడిలో అది నాకు సౌకర్యంగానే ఉండటం, తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కే విషయం.

ఆ షెడ్డు వాళ్లకి కూడా చెప్పాలి. చెక్క గదిలోని ఫోనుకి చేసి, బీప్ వచ్చాక, "స్థలం కొంచెం మారింది," అని హాలు అడ్రసు చెప్పాను. ఎంతమందో చెప్పలేదు. మెషీన్ అడగలేదు. అదే ఊపులో పీటలు ఎప్పుడవుతాయని కూడా అడిగాను. మర్నాడు మళ్లీ అడిగాను. ఆ తర్వాత కూడా చాలాసార్లు అడిగాను. ఒకసారి 'ఇంకెంత కాలం' అని కాస్త గొంతు పెంచినట్టు కూడా గుర్తు. సాయంత్రం పనయ్యాక సందేశాలు ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి వింటారని పెద్దాయన భార్య అమ్మాయితో ఎప్పుడో చెప్పిందట. అది నాకు పెళ్లి ముందురోజు తెలిసింది. మనవల దగ్గర్నుంచీ అందరూ, 'అయిందా, అయిందా' అని అరిచే నా గొంతు నిలబడి విన్నారన్నమాట.

పెళ్లిరోజు ఉదయం నేను హాలుకి వెళ్లేసరికి మినీ బస్సు అప్పటికే వచ్చి ఉంది. బంధువులింకా నిద్ర లేవలేదు. చీకటితోనే బయల్దేరి వచ్చారట. మగవాళ్లు నల్లకోట్లు, వెడల్పాటి టోపీలు. ఆడవాళ్లు ముదురురంగు పొడుగు గౌన్లు, తలమీద తెల్లటి బట్ట. హాలు గుమ్మం పక్కన వరసగా నిలబడి ఉన్నారు. పీటలు దుప్పట్లో చుట్టి, ఇద్దరు కొడుకులు చెరొకటి మోసుకొచ్చారు. కోడళ్ల చేతుల్లో బుట్టలు.

"ఆపిల్ పైలు," అంది పెద్దాయన భార్య. "ముప్ఫైమందికి సరిపోతాయనుకుంటున్నాను. మేం కాక."

నేను కృతజ్ఞతలు చెప్పాను. హాలు సూపర్‌వైజరు వచ్చి, బయటి తిండి లోపలికి తీసుకురావడానికి ఇన్సూరెన్స్ ఒప్పుకోదని మర్యాదగానే చెప్పాడు. బుట్టలు మళ్లీ బస్సులోకి వెళ్లాయి. ఆవిడ లోపలికి తొంగిచూసి, వరసలు వరసలుగా వేసిన కుర్చీలు చూసింది.

"వీటిలో కూర్చునేవాళ్లందరూ మీకు తెలుసా?" అంది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"చాలామంది తెలుసు," అన్నాను.

"దేవుడు మీకు ఎంతోమందిని ఇచ్చాడు," అంది.

పీటలు దుప్పట్లోంచి తీసి చూశాను. నూనె పట్టించిన బ్లాక్‌వుడ్, గోధుమరంగులో ఎర్రటి చారలు. మధ్యలో కనీకనిపించని పల్లం. మూలలు చంటిపిల్ల చెయ్యి తగిలినా గుచ్చుకోనంత గుండ్రంగా ఉన్నాయి. నేను వాటిని మండపం దగ్గరికి తీసుకెళ్లాను. డెకరేటర్ మా విజయవాడ కుర్రాడే, మంచి పనివాడు.

"అంకుల్, ఇవెందుకు? సోఫా ఉంది కదా, థీమ్‌కి మ్యాచింగ్ వేశాం."

"పీటల మీదే కూర్చోవాలి బాబూ. అందుకే చేయించాం."

"మరీ కిందకి అయిపోతుంది అంకుల్. పొగ వేస్తాం కదా, పొగలో తలకాయలు కూడా కనపడవు. డ్రోన్‌కి అస్సలు రారు."

ఇక్కడ నేను ఒక్క మాట గట్టిగా అనాల్సింది. చుట్టూ చూశాను, అటు ముహూర్తం తరుముకొస్తోంది, ఇటు పురోహితుడు కొబ్బరికాయలు అడుగుతున్నాడు. "సరే, నువ్వు చూసుకో," అన్నాను. అతను చూసుకున్నాడు. సోఫాకి అటొకటి ఇటొకటి పీటలు వేసి, వాటి మీద బంతిపూల కుండీలు పెట్టాడు. చూడ్డానికి బాగానే ఉంది. ఆ కుండీలు మధ్య పల్లంలో చక్కగా కుదురుకున్నాయి.

హాలు నిండింది. వాళ్లు చివరి వరసలో, గోడవారగా కూర్చున్నారు. కాసేపటికే వాళ్ల చుట్టూ జనం చేరారు. తోటి ఉద్యోగి ఒకాయన భుజం మీద చెయ్యేసి పక్కకి లాక్కెళ్లాడు.

"అన్నయ్యా, ఈ ఐడియా ఎవరిది? సూపరు! మా వాడి రిసెప్షన్‌కి కూడా వీళ్లని మాట్లాడిపెట్టు. గంటకెంత తీసుకుంటారట?"

వీళ్లు మా అతిథులు, అద్దెకి తెచ్చినవాళ్లు కాదు అనాలి. అంత చిన్న వాక్యం. నేను "హహ" అన్నాను. నా వెనక ఎవరో ఆవిడ, "పిల్లలూ, ఆ తాతగారి టోపీ పక్కన నిలబడండి, ఒక సెల్ఫీ," అంటోంది. పెద్దాయన మొహం నెమ్మదిగా గోడ వైపు తిప్పుకున్నాడు. వాళ్లు అలా ఎందుకు తిప్పుకుంటారో ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు. ఫోటోలు తీయకండని చెప్పడానికి నాలుగడుగులు వేశాను. దారిలో ఎవరో నమస్కారం పెట్టారు, నేనూ పెట్టాను. ఆ తర్వాత ఇంకొకరు పెట్టారు.

ముహూర్తానికి ముందు పెద్దాయనే లేచి మండపం దాకా వచ్చాడు. కుండీల కేసి చూశాడు. నాకేసి చూశాడు. టోపీ చేతిలో పట్టుకుని, నాకు మాత్రమే వినపడేటట్టు అడిగాడు:

"ఎత్తు మేం తప్పు కొలిచామా?"

కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. పని తప్పిందేమో తెలుసుకుని వెళ్దామని వచ్చాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. తిట్లకి ఎలా జవాబివ్వాలో మాకు వచ్చు. "లేదు లేదు, చాలా బాగున్నాయి, చాలా..." అంటూ ఉండగానే మేళం మొదలైంది. నా భార్య 'ఏమండీ' అని పిలిచింది. అమ్మాయిని బుట్టలో కూర్చోబెట్టుకుని మేనమామలు వచ్చేశారు. ఆ మనిషికి నేను జవాబు పూర్తిచేయనే లేదు.

అమ్మాయి బుట్టలోంచి దిగింది. సోఫా చూసింది. అటూ ఇటూ కుండీలు చూసింది, కుండీల కిందున్నవి చూసింది. నావైపు ఒక్కసారి చూసి, వెళ్లి సోఫాలో కూర్చుంది. అడ్డుతెర పట్టారు, జీలకర్రా బెల్లం పెట్టారు, పొగ వచ్చింది. డెకరేటర్ చెప్పింది నిజమే, సోఫా మీద అందరికీ బాగా కనిపించారు.

భోజనాలయ్యాయి. రిటర్న్ గిఫ్టులు పుచ్చుకుని జనం కదిలారు. మండపం మీద కుటుంబం ఫోటోల తతంగం మిగిలింది. మా వైపువాళ్లూ పెర్త్ నుంచి వచ్చినవాళ్లూ మూడు వరసలుగా నిలబడ్డారు. అమ్మాయీ అల్లుడూ ఇప్పుడే వస్తామని వెళ్లి ఎంతకీ రాలేదు. వాళ్లని వెతకడానికి దిగబోతుంటే సూపర్‌వైజరు ఎదురొచ్చాడు.

"సార్, మీ గెస్టులు మా స్టాఫ్ పని చేసేస్తున్నారు. వద్దంటే వినడం లేదు. ఎవరికైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్..."

భోజనాల హాల్లోకి వెళ్లాను. నల్లకోట్లు తీసి కొక్కేనికి తగిలించి, చొక్కా చేతులు పైకి మడిచి, పెద్దాయనా కొడుకులూ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. ఆడవాళ్లు బల్లలు తుడుస్తున్నారు. పిల్లలు కింద పడ్డ గ్లాసులు ఏరుతున్నారు. మాటల్లేవు, తొందర లేదు.

"వద్దండీ, దయచేసి ఆపండి, డబ్బిచ్చి పెట్టుకున్న మనుషులున్నారు," అన్నాను పెద్దాయన భార్యతో.

ఆవిడకి అర్థం కాలేదు. "పెళ్లికి వచ్చినవాళ్లే సర్దాలి కదా," అంది. "మేం ఉదయం పెందరాళే వచ్చింది కూడా కుర్చీలు వేద్దామనే. అప్పటికే వేసేసి ఉన్నాయి."

అప్పుడు చూశాను, ఆవిడ వెనక మా అమ్మాయి ఉంది. పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పసుపుకాళ్లతో, అల్లుడు ఒక పక్కా తనొక పక్కా పట్టుకుని ఒక పొడవాటి బల్ల మడుస్తున్నారు. బల్ల కాలు ఎటు మడవాలో తెలియక ఇద్దరూ నవ్వుతున్నారు. పెద్దాయన కోడలు వచ్చి చూపించింది. మళ్లీ నవ్వారు. నా కూతురు నవ్వడం ఆ రోజు నేను అదే మొదటిసారి చూశాను. అంతకుముందు నవ్వినవన్నీ కెమెరా చెప్పినప్పుడు నవ్వినవి.

"అమ్మా, అక్కడ ఫోటోకి అందరూ వెయిటింగ్," అన్నాను.

తను బల్ల వదల్లేదు. "టెన్ మినిట్స్, నాన్నా."

"పెద్దవాళ్లు నిలబడి ఉన్నారు తల్లీ. బాగుండదు."

"ఐ నో." మెత్తగానే అంది. "ఇప్పుడే నా పెళ్లికి వచ్చాను, నాన్నా. కాసేపు ఉండనీ."

సూపర్‌వైజరు నా మొహంలోకి చూస్తున్నాడు. నేనొక కుర్చీ ఎత్తి, పక్కనున్న దొంతర మీద పెట్టాను. వంకరగా కూర్చుంది. పెద్దాయన రెండో కొడుకు దాన్ని సరిచేసి, నాకు చోటు ఇస్తూ కొంచెం జరిగాడు. ఇంకో కుర్చీ ఎత్తబోతుంటే మండపం మీదనుంచి మా తోడల్లుడి గొంతు మైకులో వినిపించింది, "పెళ్లికూతురి తండ్రిగారు ఎక్కడున్నా వేదిక దగ్గరికి రావాలి, పెద్దలకి ఆకలేస్తోంది." భోంచేసి గంట కూడా కాలేదు. మండపం మీదున్నవాళ్లు నవ్వారు. అమ్మాయి నావైపు చూసింది. వెళ్తావనుకుంటూనే ఉన్నాను అన్నట్టుగా, ఏ నిష్ఠూరమూ లేకుండా చూసింది.

కుర్చీ కింద పెట్టి, వెళ్లాను.

"పెళ్లికూతురేదీ?" అన్నాడు ఫోటోగ్రాఫరు.

"సర్దుతోంది," అంది నా భార్య. "మీరు కానివ్వండి."

ఆ ఫోటో పెద్దది చేయించి మా హాల్లో పెట్టింది నా భార్యే. మూడు వరసల జనం, మధ్యలో ఖాళీ సోఫా. ఇంటికొచ్చినవాళ్లు ఇదేమిటని అడుగుతారు. ఆవిడ నన్ను చూపించి, "ఆయన్ని అడగండి," అని కాఫీ కలపడానికి వెళ్లిపోతుంది.